మందు మేసిన చేపలు

మా పిన్నికి ముక్కు మీద కోపం అని అందరూ అంటారు. నేను ఒప్పుకోను. ముక్కు మీది కోపం వచ్చినంత తేలిగ్గా పోతుంది. పిన్ని కోపానికి ఎప్పుడూ ఒక కారణం ఉండేది, ఆ కారణం తీరేదాకా అది పోయేది కాదు. డాక్టరు గది ముందు వరసలో కూర్చున్నప్పుడు ఎవరైనా చల్లగా ముందుకు జారుకుంటే చాలు, ఒంటికాలి మీద లేచేది. ఆ మనిషిని వరస చివరికి పంపి, అక్కడ నిలబడ్డాడో లేదో వెనక్కి తిరిగి చూసుకుని, అప్పుడు కూర్చునేది. ఆవిడ మరిది ఆవిడకు ‘నిప్పుకోడి’ అని పేరు పెట్టాడు. అత్తవారింట్లో అందరి నోళ్ళలోనూ ఆ పేరు నానింది. ఎదురుగా అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేదు.

అలాంటి మనిషి రెండేళ్ళకు పైగా కోపం మానేసింది. ఎందుకు మానేసిందో, అది మళ్ళీ ఎలా వచ్చిందో చెబుతాను.

పిన్ని పెళ్ళయి వెళ్ళింది అలంకరణ చేపలు అమ్మే ఇంటికి. బస్టాండు వెనక వీధిలో, కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టుకూ కళ్ళజోళ్ళ షాపుకూ మధ్య వాళ్ళ అక్వేరియం షాపు. కింద షాపు, పైన రెండు గదులు, వంటిల్లు. లోపలికి అడుగుపెడితే గోడల పొడవునా ఒకదానిపై ఒకటి అద్దాల తొట్లు, గాలి మోటార్ల గురగుర, ఎప్పుడూ ఆరని తడిగుడ్డ వాసన. షాపు బాబాయిది, ఆయన తమ్ముడిది. బాబాయి షాపులో కూర్చునేవాడు. తమ్ముడు ఊరి చివర గోడౌను పెట్టి, ఎక్కడెక్కడివో వింత చేపలు తెప్పించి చుట్టుపక్కల షాపులన్నిటికీ వేసేవాడు. కళ్ళు పైకి తిరిగి ఆకాశంలోకే చూస్తుండే గోల్డ్‌ఫిష్‌లు, నెత్తిన బొప్పి కట్టినట్టున్న ఎర్ర చేపలు, తోటల్లోని కొలనుల్లో వదిలే మచ్చల కోయి చేపలు, కత్తిలా పొడుగ్గా ఉండి రెప్ప లేని కళ్ళతో మనల్ని కొనేద్దామా అన్నట్టు చూసే చేపలు. పక్కింట్లో లేనిది తమ ఇంట్లో ఉండాలనుకునేవాళ్ళు అతని ఫోను ఖాళీగా ఉండనిచ్చేవాళ్ళు కాదు.

బాబాయి నోట్లో నాలుక లేని మనిషి. గట్టిగా తుమ్మినా పక్కవాళ్ళకు క్షమాపణ చెప్పుకునే రకం. షాపుకు వచ్చిన ప్రతివాళ్ళూ “ఎంత నెమ్మదస్తుడండీ మీ ఆయన” అని పిన్నితోనే అనేవాళ్ళు. ఆ నెమ్మది పక్కన నిలబడేసరికి పిన్ని ఉన్నదానికంటే ఇంకా గయ్యాళిలా కనిపించేది.

మొదట్లో పిన్నికి చేపలంటే ఇష్టం లేదు. నీళ్ళు మోయాలి, తొట్లు కడగాలి, గొట్టంతో అడుగు మురికి లాగాలి, చీర కుచ్చిళ్ళు ఎప్పుడూ తడే. అయితే ఏ పనీ సగం చేసి వదిలే మనిషి కాదు. చేస్తూ చేస్తూ నేర్చుకుంది. నేర్చుకున్నాక ఇష్టం పుట్టింది. ఒకనాడు ఫోన్లో ఒక వీడియో చూసింది, ఇక ఆ పిచ్చి పట్టుకుంది.

అది డిస్కస్ చేపల వీడియో. ఆ చేపలు పళ్ళెంలా గుండ్రంగా, పలచగా ఉంటాయి. నీళ్ళు వెచ్చగా, వాననీళ్ళంత మెత్తగా లేకపోతే మేత ముట్టవు. వాటిని బతికించడమే గగనం, ఇక పిల్లలు చేయించడం ఎవరికో గానీ కుదరదు. ఆ పిల్లలు గుడ్డు వీడి ఈత నేర్చుకోగానే తల్లి ఒంటికీ తండ్రి ఒంటికీ అతుక్కుని, చర్మం మీద ఊరే జిగురు తిని పెరుగుతాయి. తల్లి అలిసిపోతే ఒక్క విదిలింపు విదిలిస్తుంది, పిల్లల మంద మొత్తం తండ్రి మీదకు పోతుంది.

“చంటిదాన్ని చంక మార్చుకున్నట్టే అక్కా!” అని మా అమ్మకు చెప్పింది. “పాలిచ్చే జంతువు కాదు, చేప! ఒక్కసారి నా కళ్ళతో చూడాలే.”

షాపు వెనక సామాన్ల గది ఖాళీ చేసి, గోడకు రెండు తొట్లు పెట్టించుకుంది. ఆడ చేపలను తనే చిన్నప్పటినుంచి పెంచింది. మగ చేపను మరిది ఇచ్చాడు. నిప్పుకణికలా ఎర్రగా ఉండేది. “మా వదిన కోసం ఏరి ఏరి తెప్పించాను” అన్నాడు. బోర్లించిన మట్టికుండ తొట్లో పెడితే, ఆ జంట దాన్ని మూతులతో తోమి తోమి శుభ్రం చేసుకుని, ఒక మధ్యాహ్నం గుడ్లు పెట్టింది. పిన్ని ఆ రోజు అన్నం తినలేదు. మర్నాటికి గుడ్లన్నీ తెల్లబడ్డాయి. ఆ తర్వాత వాటికి బూజు పట్టింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తెల్లబడ్డాయి. నీళ్ళు మార్చింది, మేత మార్చింది, తొట్టి చుట్టూ నల్లగుడ్డ కట్టింది. ఏం చేసినా అంతే. వాళ్ళత్తగారు ఒకరోజు భోజనాల దగ్గర అందరి ముందూ అంది:

“నీ కోపం సెగకి గుడ్లు ఉడికిపోతున్నాయే!”

ఇల్లంతా పగలబడి నవ్వింది. మరిది ఆ మాటను మోసుకుపోయి షాపులన్నిటికీ పంచాడు. మేత పొట్లం కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళు కూడా “ఏమ్మా, ఈసారైనా పచ్చిగా ఉన్నాయా?” అని అడగడం మొదలుపెట్టారు. పిన్ని అందరికీ తగిన సమాధానమే చెప్పింది. అత్తగారికైతే, “మీ పొయ్యి మీద గిన్నె ఎప్పుడూ అడుగంటుతుంది, అదెవరి కోపం అత్తయ్యా?” అంది. హాస్యం చేసేవాళ్ళంటే ఆవిడకు లెక్కలేదు.

పడిపోయింది బాబాయి మాటకు. గుడ్లు ఇంకోసారి తెల్లబడ్డ రోజు ఆయన వెనక గది గుమ్మంలో నిలబడి, ఎప్పటిలాగే మెల్లగా అన్నాడట:

“అమ్మ వేళాకోళానికి అన్నదే అనుకో. కానీ నువ్వు అరిచినప్పుడు ఈ అద్దాలు అదురుతాయి. మూగజీవాలు, వాటికీ బెదురు ఉంటుంది కదా. కొన్నాళ్ళు తగ్గించి చూడకూడదూ?”

ఆ మాటలో వెక్కిరింపు లేదు. అందుకే పిన్ని నమ్మింది.

నమ్మి, కోపం మానేసింది. మానేయడమంటే మామూలుగా కాదు. వెనక గదిలోకి చెప్పులు విప్పి వెళ్ళేది. తలుపు చప్పుడు కాకుండా రెక్కకు గుడ్డపీలిక కట్టింది. ఒకాయన చేపలు కొనుక్కుపోయి, కుళాయి నీళ్ళు నేరుగా పోసి చంపుకుని, చచ్చిన వాటిని సంచిలో తెచ్చి కౌంటరు మీద పడేసి నానా మాటలూ అన్నాడు. పాత పిన్ని అయితే ఆయన మళ్ళీ ఆ వీధి మొహం చూసేవాడు కాదు. కొత్త పిన్ని నవ్వి, వేరే చేపలు ఇచ్చి పంపింది. మరిది మేత బస్తాలు తెచ్చి ఆవిడ పడకగదిలో పేర్చాడు. ఏమీ అనలేదు. బస్తాల మధ్య చాప వేసుకుని పడుకుంది. అత్తగారు చుట్టాలతో, “మా కోడలు ఈమధ్య వెన్నముద్ద అయిపోయింది” అని చెప్పుకుంది.

మా ఇంటికి వచ్చినప్పుడు అమ్మ ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. “ఒంట్లో బాగాలేదా నీకు?”

“బానే ఉన్నానక్కా. మొన్న మళ్ళీ గుడ్లు పెట్టింది. ఈసారి నేను చాలా జాగ్రత్తగా ఉన్నా. ఒక్క మాట కూడా అనలేదు ఎవర్నీ.”

మా నాన్న ఏదో రాజకీయం మాట్లాడి కావాలని రెచ్చగొట్టాడు. అలాంటప్పుడు వాళ్ళిద్దరూ ఇల్లు పీకి పందిరి వేసేవాళ్ళు. ఆ రోజు పిన్ని “అంతేలెండి బావా” అంది. నాన్నకు కూడా భయం వేసింది. ఆవిడ దవడ మాత్రం లోపల్లోపల కదులుతూనే ఉంది. పళ్ళు నూరుకుంటోందని నాకు తెలుస్తోంది.

ఇంత చేసినా గుడ్లు తెల్లబడుతూనే వచ్చాయి. పైగా ఆ ఎర్రటి మగ చేప కొన్ని నెలలకు ఉతికి ఉతికి వెలిసిన గుడ్డలా అయిపోయేది. “నీళ్ళు పడలేదేమో” అనేవాడు బాబాయి. మరిది వెంటనే ఇంకో ఎర్ర చేపను పంపేవాడు. పిన్ని ఆ మాట కూడా నమ్మి, తననే ఇంకాస్త బిగబట్టుకునేది.

ఒకరోజు వెనక గదిలో నీళ్ళు వెచ్చబెట్టే హీటరు పాడైంది. బాబాయి ఎవరి ఇంట్లోనో తొట్టి కడగడానికి వెళ్ళాడు. షాపులో ఇంకో హీటరు లేదు. చేపలు చల్లబడిపోతాయని పిన్ని తనే బస్సెక్కి, ఒకటి తెచ్చుకోవడానికి గోడౌనుకు వెళ్ళింది. అన్నేళ్ళలో ఎప్పుడూ వెళ్ళలేదు. అక్కడంతా బురద, మగవాళ్ళు తిరిగే చోటు, నీకెందుకని ఇంట్లోవాళ్ళు అంటే ఊరుకుంది.

మరిది లేడు. రేకుల కప్పు కింద వరసగా సిమెంటు తొట్లు. ఒక పెద్దావిడ బేసిన్లో మేత కలుపుతోంది. పక్కన ఒక తొట్లో బొటనవేలి గోరంత డిస్కస్ పిల్లలు, పెద్ద చేపలకంటే ఎర్రగా మెరిసిపోతున్నాయి. ఆ వయసులో అవి బూడిదరంగులో ఉండాలి.

“ఇంత చిన్నవాటికి ఇంత రంగేంటమ్మా?” అని అడిగింది పిన్ని.

మేత కలిపే ఆవిడకు ఈవిడెవరో తెలియదు. ఏదో షాపు తరఫున వచ్చిందనుకుంది. “మందు రంగు” అంది, చేతిలోని సీసా చూపించి. “మేతలో చుక్కలేస్తే చాలు, టమాటాల్లా పండిపోతాయి. మందు ఆపితే వెలిసిపోతాయనుకోండి. ఆలోపు ఎవరింటికో పోతాయిగా.”

“మరి గుడ్లు పెడితే?”

“ఆడవి పెడతాయి. మందు మేసిన మగవాటికి ఇంక ఆ పని ఉండదమ్మా. గుడ్ల చుట్టూ తిరుగుతాయి, కాపలా కాస్తాయి. గుడ్లు మాత్రం తెల్లబడతాయి.” ఆవిడ నవ్వింది. “మా ఓనరుగారి వదినకి ఆ పిచ్చేనట. పిల్లలు చేయిస్తుందట. ఆవిడ చేయిస్తే ఇక్కడ సరుకు ఎవరు కొంటారు? అందుకని మందు మేసినవే ఏరి పంపుతారు. వాళ్ళాయనే వచ్చి పట్టుకెళ్తాడు. పాపం, చాలా మంచాయన.”

పిన్ని హీటరు సంగతి మర్చిపోయింది.

ఆ తర్వాత జరిగింది నాకు కళ్ళజోళ్ళ షాపాయన చెప్పాడు, పిన్నీ చెప్పింది. ఇద్దరూ చెప్పింది ఒకటే. పిన్ని షాపులోకి వచ్చేసరికి బాబాయి తిరిగొచ్చి, ఎవరికో ప్లాస్టిక్ సంచిలో చేపలు కట్టి ఇస్తున్నాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఇంకో ఇద్దరు ఉన్నారు.

“ఆ సంచి కింద పెట్టు” అంది పిన్ని.

బాబాయి తల ఎత్తాడు. పెళ్ళయిన నాటినుంచీ ఆవిడ ఆయన్ని ‘మీరు’ అనే పిలిచింది. ఎంత కోపంలో ఉన్నా ఆ ఒక్కటీ జారలేదు. మొదటిసారి జారింది.

“మందు మేసిన చేపలని నీకు తెలుసా?”

బాబాయి కొనడానికి వచ్చినవాళ్ళ వైపు చూశాడు. “ముందు వీళ్ళని పంపేసి మాట్లాడుకుందాం...”

“తెలుసా, తెలీదా?”

“తమ్ముడు అడిగాడు. నువ్వు పిల్లల్ని చేయిస్తే వాడి వ్యాపారం దెబ్బతింటుందని. వాణ్ణి కాదనలేకపోయాను.”

“వాణ్ణి కాదనలేవు. నా కోపం వల్లే గుడ్లు చస్తున్నాయని నన్ను మాత్రం నమ్మించగలవు.”

“అలా అనలేదు నేను. కాస్త తగ్గించుకోమన్నాను, అంతే.”

“చచ్చేవి ఎలాగూ చస్తాయని తెలిసి కూడా ఎందుకన్నావ్?”

అప్పుడు ఆయన అన్న మాట పిన్ని ఇప్పటికీ ఆయన గొంతుతోనే చెబుతుంది. అంత మెత్తగా అన్నాడట. “ఈ రెండేళ్ళూ ఇంట్లో ఎంత ప్రశాంతంగా ఉందో నువ్వే చూశావుగా. అమ్మ కూడా సంతోషంగా ఉంది. ఎవరికి నష్టం చెప్పు?”

పిన్నికి అరికాలి మంట నెత్తికెక్కింది. మూలనున్న వలకర్ర చేతిలోకి తీసుకుంది. షాపంతా పగిలిపోతుందనుకుని కొనడానికి వచ్చినవాళ్ళు బయటకు పరిగెత్తారు. ఆవిడ తొట్లవైపు చూసి, కర్రను మళ్ళీ మూలన పెట్టేసింది.

“అద్దం పగిలితే చచ్చేది చేపలు. నువ్వు కాదు” అంది.

తర్వాత నోరు విప్పింది. రెండేళ్ళు మూసిపెట్టిన నోరు. కుట్టుమిషన్ల కొట్టువాళ్ళు పని ఆపేశారు. బస్టాండులో దిగినవాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారట. “చెప్పులు విప్పి నడిచానురా! తలుపుకి గుడ్డ కట్టాను! ఎవడో వచ్చి నా మొహాన చచ్చిన చేపలు కొడితే నవ్వాను! నా పడగ్గదిలో నీ తమ్ముడి బస్తాల మధ్య పడుకున్నాను! గుడ్లు తెల్లబడ్డ ప్రతిసారీ నేనే చంపానని ఏడ్చాను, నువ్వు పక్కన కూర్చుని నా వీపు నిమిరావు! ఏ చేత్తో నిమిరావురా? ఆ చేత్తోనేనా గోడౌన్లో చేపని ఏరింది?”

 బాబాయి చేతిలోని సంచిలో చేపలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

సాయంత్రం పైగదిలో పంచాయితీ పెట్టారు. మరిది వచ్చాడు. కాలు మీద కాలేసుకుని కూర్చుని, “వదినా, వ్యాపారమన్నాక సవాలక్ష ఉంటాయి. చేపలేగా, దానికింత రాద్ధాంతమా?” అన్నాడు.

“చేపలే. వాటికి మందు పెట్టి బతుకు పాడుచేసి అమ్ముకుంటున్నావు. అది నీ పాపం. నన్ను మధ్యలో పెట్టి ఇంటిల్లిపాదీ నవ్వుకున్నారు. అది అందరిదీ.”

మందు సంగతి అత్తగారికి నిజంగానే తెలియదు. ఆవిడ కాసేపు చిన్నకొడుకు వైపు చూసింది, పెద్దకొడుకు వైపు చూసింది. అంతా విని చివరికి కోడలివైపు తిరిగింది.

“అదంతా సరే. నడివీధిలో మొగుణ్ణి పట్టుకుని ‘రా’ అంటావా?”

పిన్ని లేచింది. కిందికి దిగింది. తను పెంచిన ఆడ డిస్కస్ చేపలను మూత ఉన్న బకెట్లలోకి పట్టి, ఒక తొట్టి, ఆ మట్టికుండ, రెండు చీరలు ఆటోలో వేసుకుని మా ఇంటికి వచ్చేసింది. బాబాయి ఆటోదాకా వచ్చాడు. తొట్టి ఎత్తడానికి ఒక చెయ్యి పట్టాడు. పిన్ని ఆ చెయ్యి తీసేసింది.

మా ఇంటి ముందు గది ఇరుకు. అందులోనే నాన్న కుర్చీ, రేడియో, నా కుట్టుపని బల్ల. వాటి మధ్య పిన్ని తొట్టి పెట్టింది. స్నానాల గదిలో బకెట్లన్నీ చేపల నీళ్ళకే పోయాయి. “ఒంటి మీద నీళ్ళు పోసుకోవాలంటే మీ చెల్లెలి దగ్గర పర్మిషను తీసుకోవాలా?” అని నాన్న అమ్మ మీద విసుక్కునేవాడు. మాది మొదటినుంచీ చప్పుళ్ళ ఇల్లు. నాన్నకు చెవుడు, రేడియో వీధి చివరిదాకా వినిపిస్తుంది. అమ్మ ఆయనతో అరిచి మాట్లాడుతుంది. పైన అద్దెకున్నవాళ్ళు పొద్దస్తమానం ఏదో ఒకటి దంచుతూనే ఉంటారు. పిన్ని కూడా అందులో కలిసిపోయింది. బాబాయి ఫోను చేసిన ప్రతిసారీ ఆ తొట్టి పక్కనే నిలబడి గొంతు చించుకునేది. ఫోను పెట్టేశాక చేపల వైపు తిరిగి, “మీరూ వినండి” అనేది.

ఆ రోజుల్లోనే ఆవిడకు పన్ను నొప్పి మొదలైంది. దవడ వాచింది. నేను పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన లైటు వేసి చూసి, “పన్ను చీలిపోయింది. పళ్ళు కొరుకుతారా నిద్రలో?” అన్నాడు.

“నిద్రలోనే కాదు, మెలకువలో కూడా. రెండేళ్ళు” అంది పిన్ని, నోరు తెరిచే.

పన్ను పీకించుకుని దూది కొరికి పట్టుకుని బయట గదిలో కూర్చుంది. అక్కడ మూలన ఒక అక్వేరియం ఉంది. అందరూ ఎదురుగా ఉన్న టీవీ చూస్తున్నారు. పిన్ని లేచి తొట్టి దగ్గరకు వెళ్ళి, దూదితోనే ఏదో గొణిగింది. నాకు అర్థం కాలేదు. డాక్టరును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చినంత పని చేసింది.

“ఇవి డిస్కస్సే కదా?”

“అవునమ్మా. మట్టిరంగువి. పాత కాంపౌండరు పెట్టిపోయాడు. ఎర్రవి తెచ్చుకోరాదా అని వచ్చినవాళ్ళందరూ అంటారు.”

“మందేమైనా పెట్టారా వీటికి?”

ఆయనకు కోపం వచ్చింది. “మేత పెట్టడానికే నాకు తీరిక లేదు, మందెక్కడ పెడతానమ్మా?”

పిన్ని దూది మీదుగానే నవ్వింది. గోధుమరంగు ఒంటి మీద సన్నని చారలున్న ఒక మగ చేపను డాక్టరు సంచిలో పెట్టి ఇచ్చాడు. పిల్లలు పుడితే తనకు రెండు ఇవ్వాలన్నాడు.

కొత్త జంట కుదురుకోవడానికి చాలా రోజులే పట్టింది. మొదట పోట్లాడుకున్నాయి. “పోట్లాడుకోనీ, మంచిదే” అంది పిన్ని. తర్వాత కుండ తోమడం మొదలుపెట్టాయి. ఒక సాయంత్రం గుడ్లు పెట్టాయి.

ఆ మర్నాడు మధ్యాహ్నం ఆవిడ మరిది మా ఇంటికి వచ్చాడు. కారణం లేకుండా రాలేదు. పిన్ని ఊరుకోలేదు మరి. తెలిసిన ప్రతి షాపుకూ ఫోను చేసి, ఆ ఎర్ర చేపలు మందు మేసినవని, వెలిసిపోతాయని, కొన్నవాళ్ళు వచ్చి మీ చొక్కా పట్టుకుంటారని చెప్పింది. కొందరు సరుకు తిప్పి పంపారు.

అతను చెప్పులతోనే లోపలికి వచ్చాడు. “ఇంటి పరువు బజారున పెట్టావు! నా నోటి దగ్గర కూడు లాగేస్తున్నావు!”

“నీ పరువుకి కూడా మందు పెట్టి ఎర్రగా చేసుకో, అమ్ముడుపోతుంది!” అంది పిన్ని.

ఇద్దరి మధ్యా చేయి చాపేంత దూరం. పక్కనే గుడ్ల తొట్టి. అతను బల్ల మీద గుద్దాడు, నీళ్ళు కదిలాయి. నేను వెళ్ళి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. నాన్న రేడియో తగ్గించకుండానే “ఎవరది?” అని అరిచాడు. పిన్ని వేలు చూపించి, గోడౌన్లో చూసిన సంగతి మొదలుకుని పూసగుచ్చినట్టు చెబుతూ అతన్ని ఒక్కొక్క అడుగే వెనక్కి నడిపించింది. గుమ్మం దాటాక కూడా ఆపలేదు. వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది. అతను బండెక్కి వెళ్ళిపోయాడు.

పిన్ని ఆయాసపడుతూ లోపలికి వచ్చి, తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చాలాసేపు లేవలేదు. నేను వంగి చూశాను. గుడ్లు తెల్లబడలేదు. ఒక్కొక్క గుడ్డులో నల్లటి చుక్క. తల్లి చేప వాటికి రెక్కలతో విసురుతోంది.

మర్నాటికి ఆ చుక్కలకు తోకలు వచ్చాయి. కుండ మీద సన్నని గడ్డి గాలికి ఊగినట్టు వణుకుతున్నాయి. పిన్ని సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా గొంతులో ఏడుపు లేదు.

“చూశావుటే? వాడు అరిచాడు, నేను అరిచాను, మీ నాన్న రేడియో అరిచింది. వీటికేమైంది? ఏమీ కాలేదు! నా నోరు నొక్కేశారే వీళ్ళు. నాలో నేనే కుళ్ళి చచ్చేలా చేశారే. ఇంత చిన్న విషయం చూడ్డానికి నేను ఇల్లు వదలాల్సొచ్చింది.”

ఇంకో మూడు రోజులకు పిల్లలు ఈత మొదలుపెట్టి, దుమ్ములేచినట్టు లేచి తండ్రి ఒంటికి అతుక్కున్నాయి. మట్టిరంగు ఒంటి నిండా అవే. కాసేపటికి ఆ తండ్రి చేప ఒక్క విదిలింపు విదిలించింది. మంద మొత్తం తల్లి మీదకు పోయింది. అమ్మ వంట గరిటతోనే వచ్చి నిలబడింది. నాన్న రేడియో కట్టేయబోతే, “ఉండనీండి బావా, వాటికేం పర్లేదు” అంది పిన్ని. అందరం తొట్టి చుట్టూ మూగాం. ఆవిడ మాత్రం ఏ కాసేపో చూసి, మేత నానబెట్టాలని లేచి వెళ్ళింది.

ఆ సంగతి తెలిసి బాబాయి వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు. పిన్ని కూర్చోమనలేదు, వెళ్ళమనలేదు. ఆయనే లోపలికి వచ్చి, తొట్టిలోకి వంగి చాలాసేపు చూశాడు.

“తప్పు చేశాను” అన్నాడు.

“అవును.”

“ఇంటికి రా. ఇంక ఎవరూ నిన్ను ఏమీ అనరు.”

“అనకపోవడం కాదు. నేను అంటే వినాలి. వింటారా?”

“వింటారు.”

“మీ తమ్ముణ్ణి అడిగి చెబుతున్నావా, నీ అంతట నువ్వే చెబుతున్నావా?”

బాబాయి గుమ్మం దగ్గరకు వెళ్ళి చెప్పులు వేసుకున్నాడు.  వీధిలోకి దిగి వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడితో అందరికీ న్యాయం జరిగి ముగిసిందని చెప్పలేను. మరిది గోడౌను ఇప్పటికీ నడుస్తోంది. కొన్ని షాపులు మానేశాయి, కొత్తవి చేరాయి. ఎర్రటివి కావాలని అడిగేవాళ్ళు ఉన్నంతకాలం సీసాలో చుక్కలు పడుతూనే ఉంటాయి. ఆ మాటెత్తితే పిన్ని ఇప్పటికీ నిప్పులు చెరుగుతుంది. ఆవిడ మా ఇంటికి దగ్గర్లో మెట్ల కింద గది ఒకటి అద్దెకు తీసుకుని, తను చేయించిన పిల్లలను అక్కడే అమ్ముతోంది. అవి చిన్నప్పుడు బూడిదరంగులో, చూడ్డానికి ఏమీ లేనట్టు ఉంటాయి. నీలం చారలు తేలడానికి ఏడాది పడుతుంది. అంత ఓపిక లేనివాళ్ళకు అమ్మదు. ఇంట్లో తొట్టి ఎంతుంది, నీళ్ళు ఎవరు మారుస్తారు, ఊరెళ్తే మేత ఎవరు వేస్తారు అని పోలీసులా ఆరాలు తీస్తుంది. కొందరు తిట్టుకుంటూ వెళ్ళిపోతారు. కొందరు మళ్ళీ వస్తారు.

బాబాయి ఇంకా ఆ షాపులోనే ఉన్నాడు. వారానికోసారి వచ్చి పిన్ని గదిలో నీళ్ళ డ్రమ్ములు నింపి వెళ్తాడు. వాళ్ళిద్దరూ చేపల గురించే మాట్లాడుకుంటారు. ఏ తొట్టికి మోటారు మార్చాలి, ఏ పిల్ల మేత తినడం లేదు, అంతే. మొన్న నేను వెళ్ళినప్పుడు ఆయన చేతులు తుడుచుకుంటూ, తమ్ముడితో పొత్తు విడగొట్టుకుంటున్నానన్నాడు. పిన్ని గొట్టంతో తొట్టి అడుగు మురికి లాగుతూ తల తిప్పకుండానే అడిగింది.

“మీ తమ్ముడికి ఎప్పుడు చెప్పావ్?”

“ఇంకా చెప్పలేదు. చెప్తానని నీతో చెప్తున్నాను.”

“చెప్పాక రా” అంది పిన్ని.